బావగారి పాఠాలున్న ఫోల్డరు

నిన్న మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో మా అక్కావాళ్ళింట్లో కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పాత ఫోల్డరొకటి తెరిచాను. తెరిచీ తెరవగానే మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఊపిరి బిగబట్టాను. అలవాటు అలాంటిది మరి. ఒకప్పుడు ఆ ఫోల్డరు తెరిస్తే చాలు, కంప్యూటరంతా బిగుసుకుపోయేది. ఇప్పుడేమో కన్నుమూసి తెరిచేలోగా అది విచ్చుకుంది. చిన్న చిన్న గళ్ళలో మా బావగారు వరసగా నిలబడ్డారు, గడికో చొక్కాతో, ప్రతి గడిలోనూ వెనక అదే తెల్లబోర్డుతో. చివరి గడి ఒక్కటే బొమ్మ లేకుండా ఖాళీగా ఉంది. దాన్ని చూడగానే ఆ వేసవి కంగారంతా మళ్ళీ ఒంట్లోకి వచ్చేసింది. ఉత్తపుణ్యానికి లేచి వంటింట్లోకి వెళ్ళి, దాహం లేకపోయినా ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

మా బావగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కిటికీ కింద బస్సులు, ఆటోలు, బండి మీద అరటిపళ్ళమ్మేవాడి అరుపులు, వీటన్నిటినీ దాటుకుని ఆయన గొంతు మైకు లేకుండా చివరి బెంచీ దాకా వెళ్ళేది. ఆయనకి ఇంకో విశేషం ఉంది, కరెంటు పిచ్చి. మనుషుల్లేని గదిలో ఫాను తిరిగితే ఎవరో తన ఒంట్లోంచి రక్తం తీస్తున్నట్టు బాధపడేవారు. క్లాసు చివర్లో ఆఖరి లెక్క చెబుతూనే స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచేవారట. "ఇవాళ్టికి చాలు, మిగతాది రేపు" అనేవారట. 'రేపు' అనే మాట వినబడేసరికి గదిలో ఫాన్లూ లైట్లూ అన్నీ ఆగిపోయేవట. పిల్లలు మసక చీకట్లో పుస్తకాలు తడుముకుంటూ బయటికొచ్చేవారు. ఇంట్లోనూ ఇదే వరస. మా అక్క వంకాయలు తరుగుతూ ఉండగానే వంటింటి లైటు ఆరిపోయేది. "నేనింకా ఇక్కడే ఉన్నానండీ" అని ఆవిడ చీకట్లోంచి అరవడం ఆ ఇంటికి గోడగడియారం కొట్టడమంత మామూలు విషయం.

అలాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసెయ్యాలన్నారు. డాక్టర్లు ప్రాణానికి భరోసా ఇచ్చారు గానీ మాటకి ఇవ్వలేదు. ఆ కబురు విని మేమంతా కుప్పకూలిపోతే ఆయన మాత్రం ఇంటికొచ్చి సిలబస్ కాయితం తీశారు. సగంలో వదిలేసిన బ్యాచ్ ఒకటుంది, వాళ్ళ పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఉన్న నాలుగు మాటలూ వాళ్ళకి చెప్పేసి పోతానన్నారు. ముందు గదిలో గోడకి తెల్లబోర్డు బిగించాం. బల్ల మీద పాత కంప్యూటరు, దాని నెత్తిన కెమెరా. రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చి సరాసరి అక్కడికే వెళ్ళేవాణ్ణి. అక్క కుక్కరు పెట్టడం మానేసి అన్నం గంజి వార్చేది, విజిల్ పాఠంలో పడకుండా. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరుగారు, నల్గొండ వైపు పెద్దమనిషి, "సార్ పాఠం అయ్యేదాంక నేను మోటరెయ్య" అని తనంతట తనే మాటిచ్చాడు. నా ఉద్యోగం ఒక్కటే. కంప్యూటరు ప్లగ్గు కూడా ఆ గది స్విచ్‌బోర్డులోనే ఉంది. బావగారు 'మిగతాది' అనగానే నేను గబుక్కున రికార్డింగ్ ఆపెయ్యాలి, ఆయన చెయ్యి స్విచ్ మీద పడేలోగా. రోజూ అదొక పరుగుపందెంలా ఉండేది. ఆపరేషన్‌కి ముందు సాయంత్రం మాత్రం నన్ను ఆఫీసులో కదలనివ్వలేదు. ఆ రోజు పాఠం ఆయనొక్కరే చెప్పుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడకి కట్టుతో ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైపోయింది. ఆయనకి ఏం కావాలన్నా బల్ల మీద వేళ్ళతో కొట్టేవారు. మంచినీళ్ళకీ అదే, కోపానికీ అదే, ఏమీ తోచకపోయినా అదే. ఒక పొద్దున అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఒరేయ్, ఆయన పాఠం ఏదో ఒకటి పెట్టరా. ఏదైనా పర్లేదు" అంది. పెళ్ళైనప్పటి నుంచీ ఫిజిక్స్ ఊసెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వెళ్ళి ఫోల్డరు తెరిచాను. తెర మీద కిటికీ తెల్లగా తెరుచుకుంది, పైన ఆకుపచ్చ గీత ఒకటి నత్తలా పాకుతూ పాకుతూ ముప్పావు దూరం వెళ్ళి ఆగింది. ఒక్క బొమ్మా రాలేదు, ఒక్క పేరూ రాలేదు. మూసేద్దామంటే మూసుకోదు. స్విచ్ తీసి మళ్ళీ వేసి తెరిస్తే మళ్ళీ అదే గీత, అక్కడే ఆగడం. మిగతా ఫోల్డర్లన్నీ, కరెంటు బిల్లులూ పెళ్ళిఫోటోలూ అన్నీ, బుద్ధిగానే తెరుచుకుంటున్నాయి. ఇదొక్కటే మొండికేసింది. వీడియో ప్లేయరులోంచి తెరుద్దామన్నా అదీ బిగుసుకుంది. ఆ పాఠాలకి ఇంకెక్కడా కాపీ లేదు. అన్నీ అయ్యాక ఒకేసారి పెన్‌డ్రైవ్‌లో ఎక్కిద్దాం అనుకున్నాం, అంతే. బావగారి గొంతు ఇక ఈ లోకంలో ఉంటే ఆ ఫోల్డరులోనే ఉంది. అది తెరుచుకోవడంలేదు. వెనక కుర్చీలోంచి వేళ్ళ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

సలహాలకి మాత్రం లోటు లేదు. ఓనరుగారు దిగొచ్చి, కంప్యూటరుకి గాలాడాలని బల్లని కిటికీ దగ్గరికి జరిపించాడు. ఎదురింటివాళ్ళు వైరస్ అన్నారు. నాకు కూర్చుంటే కుదరదు, నిలబడితే కుదరదు. చివరికి సీపీయూని దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ బయల్దేరాను. అప్పటికింకా కొత్తపేటలో పళ్ళ మార్కెట్ ఉంది. మామిడిపళ్ళ సీజను. లారీల మధ్య ఆటో ఆగిపోయి, ఎండా, గడ్డివాసనా, మగ్గిన పళ్ళ వాసనా కలిసి ముక్కుకి కొడుతుంటే, నేను ఆ డబ్బాని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పొదివి పట్టుకుని కూర్చున్నాను. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా డబ్బాని ఒళ్ళోంచి కాస్త పైకెత్తి పట్టుకునేవాణ్ణి. ఆటో అతను అద్దంలోంచి రెండు మూడుసార్లు అనుమానంగా చూశాడు.

షాపతను మా డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించాడు. ఫోల్డరు తెరిచాడు. అదీ బిగుసుకుంది. "ఏంది అన్నా, మా సిస్టం గూడ పరేషాన్ అయింది" అని నవ్వి, డాటా ఏమన్నా కావాల్నా, లేకుంటే ఫార్మాట్ కొడితే అంతా సాఫ్ అయిపోతుందని చెబుతూ కీబోర్డు మీద చేతులు పెట్టాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అందులో మా బావగారి గొంతుంది" అన్నాను.

అతనికి ముందు అర్థం కాలేదు. సంగతంతా చెప్పాను. విని చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అయితే నేను ముట్ట. ఇంటికి తీస్కపోయి నిమ్మళంగ చూడుర్రి" అన్నాడు. డిస్కు మళ్ళీ బిగించి, దుప్పటి కూడా తనే చుట్టి ఆటో ఎక్కించాడు.

ఇంటికొచ్చాక నా ఆఫీసు స్నేహితుడొకడు ఫోన్లో ఒక ఉపాయం చెప్పాడు. ఫోల్డరు తెరిచినప్పుడు కంప్యూటరు ప్రతి వీడియోలోకీ తొంగిచూసి, దాంట్లోంచి ఒక బొమ్మ తీసి పైన అతికిస్తుందట. ఆ తొంగిచూసే పని మానేసి ఉత్త పేర్లు చూపించమని సెట్టింగ్ మార్చమన్నాడు. మార్చాను. ఫోల్డరు తెరుచుకుంది. పేర్లన్నీ వరసగా కనబడ్డాయి. అక్క చేతులు జోడించేసింది. కానీ అన్నిటినీ కలిపి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యబోతే ఆకుపచ్చ గీత మళ్ళీ నడిమధ్యలో ఆగింది. చదరంగంలో అన్ని పావులూ పోయినవాడిలా కుర్చీలో వెనక్కి వాలిపోయాను. కాసేపటికి, ఏదైతే అదే అయిందని డబ్బాని రెండు గుద్దులు గుద్దుదామని చెయ్యెత్తాను కూడా.

అప్పుడు బావగారు కుర్చీలోంచి లేచారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ తెల్లబోర్డు వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. నేరుగా దాని దగ్గరికి వెళ్ళి, మార్కరు తీసి, దండలా వరసగా చిన్న చిన్న బల్బులు గీశారు. దీపావళికి కట్టుకునే రంగుదీపాల దండ. ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోతుంది, ఆ పోయిన బల్బుని ఎలా పట్టుకోవాలో ఆయన ఏటా పిల్లలకి చెప్పే పాఠం అది. దండ మధ్యలో నిలువుగా ఒక గీత గీశారు. ఎడమ సగాన్ని వేలితో చూపించి, తర్వాత కంప్యూటరుని చూపించి, నా మొహంలోకి చూశారు. మొద్దు విద్యార్థి ఎదురుగా ఉన్నప్పుడు చూసే చూపు. నేను వెర్రిమొహం వేసేసరికి మార్కరుతో బోర్డుని టకటకా కొట్టారు.

"సగం సగం చేసి చూడమంటున్నార్రా" అంది అక్క, గుమ్మంలోంచి.

మొదటి సగం కాపీ చేశాను, నీళ్ళలా వెళ్ళిపోయింది. రెండో సగం బిగుసుకుంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేశాను. బిగుసుకున్నప్పుడల్లా కంప్యూటరు ఆపి మళ్ళీ మొదలెట్టాలి, అది లేచేదాకా గోళ్ళు కొరుక్కుంటూ గదిలో తిరగాలి. బావగారు ప్రతిసారీ బోర్డు మీద బాగున్న బల్బులు చెరిపేస్తూ వచ్చారు. చివరికి ఒకే బల్బు మిగిలింది. కంప్యూటరులోనూ ఒకే ఫైలు మిగిలింది. ఆపరేషన్‌కి ముందు సాయంత్రం ఆయనొక్కరే చెప్పుకున్న పాఠం అది.

అక్కకి నాకంటే ముందే అర్థమైపోయింది. "ఆపకుండానే స్విచ్ కట్టేశారు కదూ?" అంది. బావగారు తలొంచుకున్నారు. వీడియో పూర్తయ్యాక ఏది ఎక్కడుందో చివర్లో రాసుకుంటుందట కంప్యూటరు. అది రాసుకునేలోపే ఈయన కరెంటు తీసేశారు. దాంతో అది ఫోల్డరు తెరిచినప్పుడల్లా, కాపీ చేసినప్పుడల్లా ఆ ఫైలుకి చివర ఎక్కడా అని వెతుక్కుంటూ, మిగతా పాఠాలన్నిటినీ గుమ్మంలో నిలబెట్టేసింది. అక్క నవ్వడం మొదలెట్టి, నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ ఒక్కటీ తీసెయ్యమని బావగారు బోర్డు మీద రాశారు. అక్క ఆ రాత మీద తుడుపుగుడ్డ పెట్టి తుడిచేసి, "ఉండనివ్వరా, దానికి వేరే గది ఇయ్యి" అంది. వేరే ఫోల్డరులో పెట్టాను. ఆ సాయంత్రం ఇల్లంతా ఘర్షణ బలం మీద బావగారి పాఠం మోగింది. ఓనరుగారు మెట్ల మీద కూర్చుని విన్నాడు. అక్క బియ్యం కడుగుతూ, కడిగిన బియ్యాన్నే మళ్ళీ మళ్ళీ కడిగింది.

పాఠాలు పిల్లలకి చేరాయి. బావగారు కూడా నెమ్మదిగా కోలుకుని, గొంతు దగ్గర ఊపిరికోసం డాక్టర్లు పెట్టిన రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి ఒకటీ అరా మాట గరగరమంటూ పలకడం నేర్చుకున్నారు. అది తన గొంతు కాదని ఆయనకి చిరాకు. అందుకే ఇప్పటికీ బల్ల మీద కొట్టడమే ఎక్కువ. ఇన్నాళ్ళకి వాళ్ళు బడంగ్‌పేట్ వైపు సొంతింటికి మారుతున్నారు. పాత కంప్యూటరు అక్కడికి మొయ్యడం దండగని, అన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించమని నన్ను పిలిచారు. ఎక్కిస్తూ ఎక్కిస్తూ, వేరే గదిలో ఉన్నదాన్ని కూడా తెచ్చి మిగతావాటి పక్కన పెట్టాను. కొత్త కంప్యూటరు దాన్ని చూసి కంగారుపడలేదు, ఒక ఖాళీ గడి ఇచ్చి ఊరుకుంది. విరిగిన వీడియోల్ని అతికే ప్రోగ్రాములు ఇప్పుడు దొరుకుతున్నాయి. నీళ్ళు తాగి వచ్చాక చెయ్యి ఊరుకోక ఒకటి ప్రయత్నించాను.

బొమ్మ రాలేదు. మాట వచ్చింది. పాత గొంతు, నిండుగా, గది నిండా. కుర్చీలో బావగారి వేళ్ళు ఆగిపోయాయి. అక్క అట్టపెట్టెల మధ్యలోంచి లేచి వచ్చి నిలబడింది. కాంతి ఎలా వంగుతుందో చివరిదాకా చెప్పారు. కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. "ఇవాళ్టికి చాలు, మిగతాది" అంది ఆ గొంతు. అక్కడ తెగిపోయింది.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు గొంతు మీద బొటనవేలు పెట్టుకున్నారు.

"రేపు" అన్నారు.

అని లేచి, నెమ్మదిగా నడిచి వెళ్ళి స్విచ్‌బోర్డు కట్టేశారు. ఫాను ఆగింది, లైటు ఆరింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది మాత్రం వెలుగుతూనే ఉంది. "నేనింకా ఇక్కడే ఉన్నానండీ" అంది అక్క. ఆ రేపు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, వచ్చింది మాత్రం సామాన్లు సర్దుకునే ఒక మామూలు మధ్యాహ్నం.