ముక్తేశ్వరం రేవులో ఇద్దరు

ఎనభైల మొదట్లో రాజోలులో మా అక్కకు పురుడొచ్చింది. సాయానికని తెల్లవారుతూనే కాకినాడలో బస్సెక్కి కోటిపల్లి చేరాను. అక్కడ గోదావరి దాటడానికి పంటు పడవే గతి. ఎక్కేసరికే ఒళ్లు కాలుతోంది. అవతల ముక్తేశ్వరం రేవులో దిగుతూ కళ్లు తిరిగి బురదలో పడ్డాను.

కళ్లు తెరిచేసరికి రేవు పక్క పాకలో, ఎవరో ఒకావిడ ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాను.

"కంగారు పడకండమ్మా, మీ పెట్టె ఇక్కడే ఉందండీ," అంది ఆవిడ. పేరు మరియమ్మ. టీకొట్టులో గంజి అడిగి తెచ్చి తాగించింది.

గోదావరి మధ్య లంకలో ఆవిడ ఇల్లు నది కోతలో పోయిందట. ఇప్పుడు ఆ పాకే ఇల్లు.

"పగలు బాగానే ఉంటాదండీ. ఆడోళ్లతో కబుర్లు, ఎవరో ఓ ముద్ద పెడతారు. చీకటి పడితేనే భయం. ఎవడొస్తాడోనని కూర్చునే తెల్లారగడతాను."

గట్టు మీద ఒక పెద్దాయన నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. అదే లంక మనిషి, సత్యంగారు. ఆయన ఇల్లూ అలాగే పోయింది.

మరియమ్మ గొంతు తగ్గించింది. "బాబాయిగారు ఎవరితోనూ మాట్లాడరండీ. మగాణ్ణి, చెయ్యి చాపనంటారు. మొన్న పీకల్లోతుకి వెళ్లిపోతుంటే నేనే కేకలేసి జనాన్ని పిలిచేను."

అమలాపురం బస్సొచ్చింది. నాకు నిలబడే ఓపిక లేదు. అయినా గట్టు దాకా ఆవిడ భుజం పట్టుకుని వెళ్లి అడిగాను: "బాబాయిగారూ, ఒక్కదాన్నే వెళ్లలేనండీ. రాజోలు దాకా తోడొస్తారా?"

ఆయన పంచె దులుపుకుని లేచారు.

"ఆయ్, వస్తానండీ," అని నా పెట్టె అందుకున్నారు.

అమలాపురంలో బస్సు మారి, గన్నవరం మీదుగా మధ్యాహ్నానికి రాజోలు చేరాం. దారంతా ఆయన పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మా బావగారు తన పక్కనే పీట వేసి భోజనం పెట్టించారు. మొదటి ముద్ద కలిపి ఆగిపోయారు సత్యంగారు.

"పక్కన కూర్చుని తినేవాళ్లు లేక ఎన్నాళ్లయిందోనండీ," అని కళ్లు తుడుచుకున్నారు.

ఆయన వెళ్లేటప్పుడు, మరియమ్మగారికి రాత్రిళ్లు నిద్ర లేదని చెప్పాను.

"నాతో అననే లేదండీ," అన్నారు, నొచ్చుకున్నట్టుగా.

నెల తర్వాత కాకినాడ తిరిగి వెళ్తూ ఆ రేవుకొచ్చాను. పాకకు తాటాకు తడిక లేచింది. బయట సత్యంగారి చాప. మరియమ్మ మొహం తేటపడింది.

"బాబాయిగారు వాకిట్లో పడుకుంటారండీ. హాయిగా నిద్రపోతున్నాను."

"ఈవిడ గురకండీ బాబూ, నన్ను పడుకోనివ్వదు," అన్నారాయన.

ఒకే కోత ఆవిడకు నిద్ర లేకుండా చేసింది, ఆయనకు మాట లేకుండా చేసింది. ఇంత పోగొట్టుకుని కూడా ఆ ఇద్దరూ నన్ను అక్క ఇల్లు చేర్చారు.

పంటు కదిలాక చేతులు జోడించాను. మరియమ్మ చెయ్యూపింది. ఆయన అప్పటికే ఎవరిదో బియ్యం మూట భుజానికెత్తుకుని, "జరగండమ్మా, జరగండి!" అని రేవంతా వినబడేలా అరుస్తున్నారు.