గుడ్డు క్లబ్బుకు నేను సెలెక్టర్‌నైన వైనం

ఆ రోజుల్లో నాకు నిజాయితీ ఒక జబ్బులా పట్టుకుని ఉండేది. ఇరవై మూడేళ్ళ వయసు, జేబులో కువైట్ ఇఖామా (అక్కడ ఉండనిచ్చే కార్డు), కబ్ద్‌లో ఒక కంపెనీ యార్డులో స్టోర్‌కీపర్ ఉద్యోగం, ఇంటర్ రెండో సంవత్సరం దాకా వెలగబెట్టిన చదువు (లెక్కలు ఇప్పటికీ పాసవలేదు), ఇవన్నీ కలిసి లోకంలో న్యాయం నిలబెట్టడానికే పుట్టానన్న భ్రమలో పడేశాయి నన్ను. రెండో జత గ్లౌజులు అడిగినవాడితో మొదటి జత తెప్పించి, చిరుగు చూశాకే ఇచ్చేవాణ్ణి. మా మామ మాత్రం, "వీనికి పెండ్లయితే అన్నీ కుదురుకుంటాయిలే" అని నవ్వేవాడు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నాకు వీసా తెప్పించినవాడు, నేనొచ్చిన మొదటి మూడు నెలలూ తన మంచం నాకిచ్చి తను కింద పడుకున్నవాడు. పొట్టిగా, దిట్టంగా ఉండేవాడు. అదే యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు.

మా కంపెనీలో ఒక ఆస్ట్రేలియా ఇంజనీరు సారు ఉండేవాడు. కాపురం ఫింటాస్‌లో, మనసు మాత్రం వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ మీద. ఒక శుక్రవారం పొద్దున కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఒకటి పట్టుకొచ్చి, యార్డు వెనకాల ఇసుకలో అటు నాలుగు, ఇటు నాలుగు పైపులు పాతించి, మాకు ఆ ఆట నేర్పాడు. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఎత్తున వచ్చే బంతిని అందుకోవడానికి ఎదుటి జట్టువాడి వీపు మీద మోకాలు ఆనించి ఎగరొచ్చు, తప్పు కాదు! అది విని మావాళ్ళు, "ఇదేం ఆటప్పా, కొట్లాటకు రూల్సు రాసినట్టుండాది" అన్నారు. అన్నారే గానీ, ఆ తర్వాత వీలున్న ఏ శుక్రవారమూ మానలేదు. క్లబ్బుకు గుడ్డు క్లబ్బని పేరు పెట్టుకున్నాం. అలా గాల్లోకి లేచి బంతి పట్టడంలో నేను మొనగాణ్ణి. నేను పట్టినప్పుడల్లా సారు ఈల వేసేవాడు, నేను చూడనట్టు నటించేవాణ్ణి.

మూడేళ్ళు గడిచాయి. ప్రాజెక్టు అయిపోయి సారు వెళ్ళిపోయే నెల వచ్చింది. "మా దేశంలో ప్రతి క్లబ్బూ తన చరిత్ర మొత్తానికీ కలిపి ఒక గొప్ప జట్టును ఎంచుకుంటుంది. మీరూ పద్దెనిమిది మందిని ఎంచి, పేర్లు ఆ కంటైనర్ మీద రాయండి. నా చివరి శుక్రవారం ఆ జట్టుకూ, మిగిలినవాళ్ళకూ మ్యాచ్ పెడదాం" అన్నాడు. సెలెక్టర్ ఎవరు? చేతిరాత బాగుంటుంది కాబట్టి నేనన్నారు. (ప్రపంచంలో సెలెక్టర్ల నియామకాలన్నీ ఇంతకన్నా గొప్పగా జరుగుతాయని నేను అనుకోను.)

ఇంక చూడండి నా వైభవం! మన జనానికి జాబితా అనేది ఒకటి కనబడితే చాలు, సిఫార్సు లేకుండా అందులో పేరు ఉండదని పుట్టుకతోనే తెలుసు. మిష్రిఫ్‌లో ఒక విల్లాకు డ్రైవరుగా ఉన్నవాడు, నెలకు ఒక్క శుక్రవారమే సెలవున్నవాడు, వాళ్ళ మేడమ్ వంటింట్లోంచి కోడి మచ్బూస్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నం బాగా కుదిరింది, కానీ అతని పేరు నేను రాయలేదు. రాయచోటి భాయ్ అయితే ఏకంగా వాళ్ళమ్మతో ఫోను చేయించాడు. "నాయనా, మావాడు ఆడ ఏదో టీములో ఉండాడంట. తీసెయ్యొద్దు సామీ, సంబంధాలు చూస్తాండాం" అంది ఆవిడ. భాయ్ గాలిలా పరిగెత్తేవాడు, ఎలాగూ ఉండేవాడే. అయినా, "చూస్తాం అమ్మా, మెరిట్ ప్రకారం జరుగుతుంది" అని మంత్రిలా గొంతు పెట్టి చెప్పాను.

అడగనివాడు ఒక్క మామే. ఆయనా చివరికి అడిగాడు. మోకాళ్ళు అరిగిపోయి, ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఆయన మరుసటి వారం శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోతున్నాడు. కూరకు తాళింపు వేస్తూ, నా వైపు చూడకుండా, "రేయ్ అబ్బీ, నా పేరు గూడా రాయరా" అన్నాడు.

"మామా, మూడేళ్ళలో ఎన్ని బంతులు పట్టినావు నువ్వు?"

"ఒకటి."

"అది గూడా నీ పొట్టకు తగిలి ఆగిపాయ."

"ఆగింది గదరా!"

నేను నవ్వలేదు. అప్పుడాయన గరిటె పక్కన పెట్టి, "ఇరవై రెండేండ్లు ఉంటిని ఈ దేశంలో. ఇఖామాలో తప్ప యాడా నా పేరు లేదు. పోతాపోతా ఒక్క చోటన్నా ఉండిపోనీరా" అన్నాడు. ఇంత మాట విన్నాక ఏ మనిషైనా కరుగుతాడు. నేను మనిషిని కాదు కదా, సెలెక్టర్‌ని! "ఇది చరిత్ర మామా. నిజం తప్ప రాయను. సొంత మామకని రాస్తే రేపు నలుగురూ నా మొహాన ఉమ్ముతారు" అని చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన మళ్ళీ గరిటె అందుకుని, నా కంచంలో రెండు ముక్కలు ఎక్కువ వేశాడు. ఆ రెండు ముక్కలూ తిన్నాను కూడా, సిగ్గులేకుండా.

గురువారం సాయంత్రం కంటైనర్ మీద తెల్లరంగుతో పేర్లు రాశాను. కెప్టెన్ పేరు చివర రాయడం వినయమని ఎక్కడో విన్నాను. అందుకని పద్దెనిమిదో పేరుగా, అట్టడుగున, నా పేరు (అందరికన్నా కాస్త పెద్ద అక్షరాలతో) రాసుకున్నాను.

శుక్రవారం మ్యాచ్ మొదలైంది. మా చరిత్రాత్మక జట్టులో ఐదుగురు అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయారు కాబట్టి పదమూడు మందిమి, అటు మిగిలినవాళ్ళు పదమూడు మంది. మామ వాళ్ళ వైపు, అవతలి కొసన నిలబడ్డాడు. మొదటి బంతి పైకి లేచింది. నేను ముందున్నవాడి వీపు మీదకు ఎగిరాను. వాడు పక్కకు తప్పుకున్నాడు, నేను ఇసుకలో బోర్లా పడ్డాను. రెండో బంతికి మిష్రిఫ్ డ్రైవర్ వీపు దొరికింది. మచ్బూస్ గుర్తొచ్చిందేమో, ఒక్క విదిలింపు విదిలించాడు. మూడోసారి లేచేసరికి నోటి నిండా ఇసుక. అవతలి కొస నుంచి మామ కుంటుకుంటూ వచ్చాడు.

"ఏందిరా, పొద్దున్నుంచి మన్ను తింటాండావు?" అంటూ నా ముందు నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచాడు. "ఎక్కు!"

"ఓ పెద్దాయనా, నువ్వు మా పక్కరా సామీ!" అని వాళ్ళ జట్టు మొత్తుకుంటోంది. బంతి వచ్చింది. ఎక్కాను. గాల్లో రెండు చేతులతో పట్టాను. సారు ఈల వేశాడు. కిందకు దిగి చూస్తే మామ నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు, నడుం పట్టేసి లేవలేకపోతున్నాడు. అలాగే తల తిప్పి, "పట్టినావా?" అనడిగాడు.

మూడేళ్ళుగా నేను ఎగిరిందంతా ఆ వీపు మీద నుంచేనని నాకు అప్పుడు తట్టింది. ఏ జట్టులో ఉన్నా, ఎటు ఆడుతున్నా, బంతి పైకి లేస్తే చాలు, ఆయన వచ్చి నా ముందు నిలబడేవాడు. నేనేమో అది నా టాలెంటు అనుకుంటూ వచ్చాను. చచ్చేంత సిగ్గేసింది. ఆయన్ను లేపి కూర్చోబెట్టి, స్టోర్‌లోకి పరిగెత్తి రంగు డబ్బా, కుంచె తెచ్చాను. కంటైనర్ మీద నా పేరు కింద జానెడు చోటే మిగిలింది. నేల మీద పడుకుని, ఆ చోట్లోనే మామ పేరు ఇరికించి రాశాను.

"సెలెక్టర్ సాబ్, పంతొమ్మిది మందైనారే!" అన్నాడు రాయచోటి భాయ్.

"చరిత్ర తప్పు రాసినా భాయ్, దిద్దుతాండా."

మామ ఇద్దరి భుజాలు పట్టుకుని వచ్చాడు. వంగలేక వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. "ఓర్నీ! ఈడ గూడా నీ కిందేనా రా నేను!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, ఆయన అందరికన్నా ఎక్కువగా నవ్వాడు. నేను పైనున్న నా పేరు కొట్టేసి ఆయనది రాయబోతే కుంచె లాక్కున్నాడు. "ఉండనీలే. ఉండాది గదా, చాలు" అని, దాని పక్కన కూర్చుని ఫోటో తీయించుకుని అత్తకు పంపాడు.

ఇప్పుడు నేను అదే యార్డులో, దాదాపు అప్పటి మామ వయసులో ఉన్నాను, మోకాళ్ళూ ఆయన మోకాళ్ళలాగే మాట్లాడుతున్నాయి. ఆయన వెళ్ళిన మరుసటి ఏడే కంపెనీవాళ్ళు కంటైనర్లన్నిటికీ నీలం రంగు కొట్టించేశారు, అడిగినా ఆగలేదు. మామ మాత్రం ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, ఎండల గురించి, నా పిల్లల చదువుల గురించి అడిగి, చివర్లో ఏమీ పట్టనట్టు, "మన పేర్లు ఉండాయా అబ్బీ?" అంటాడు. "ఉండాయి మామా, నీది ఇంకా తెల్లగా మెరుస్తాండాది" అంటాను, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. నిజం తప్ప రాయనన్న ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు ఈ మాట వింటే నన్ను క్లబ్బులోంచే తీసేసేవాడు, పాపం.