సర్వర్ గదికి పూజ లేదు

రాయపూర్ శివార్లలోని ఉర్లాలో నేను పనిచేసే ఇనుప ఫ్యాక్టరీలో, సర్వర్ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ప్లాస్టిక్ కవరు తొడిగి, నాలుగు మూలలా టేపు వేసి శ్రద్ధగా అంటించారు. ఒక ఉద్యోగి తెలివితక్కువ పని వల్ల ఫ్యాక్టరీకి అంతరాయం కలిగింది కాబట్టి ఇకమీదట ఏ పండుగకీ ఈ గదిలో పూజ చేయకూడదని, యంత్రాన్ని ఆపకూడదని హిందీలో రాసి ఉంటుంది. ఆ ఉద్యోగిని నేనే. పేరు రాయలేదు. రాయనందుకు మొదట్లో దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

మాది రైల్వే కుటుంబం. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో సిగ్నళ్ళు బాగుచేసే పనిలో చేరారు. నా ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. బడి పట్టాలకు అవతల ఉండేది. ఆ కాలుతో రోజూ పట్టాలు దాటించడానికి అమ్మకి ధైర్యం చాలక నా చదువంతా ఇంట్లోనే సాగింది. తెలుగు అక్షరాలు అమ్మ పూజ పుస్తకంలోంచి వచ్చాయి, ఇంగ్లీషు నాన్న డ్యూటీ పుస్తకాల్లోంచి. పరీక్షలు ఓపెన్ స్కూల్లో రాశాను. తర్వాత నాన్న ఎక్కణ్ణుంచో ఒక పాత కంప్యూటరు, దాంతోపాటు అట్ట ఊడిన పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. అందులో బొమ్మలు లేవు. నల్లటి తెర మీద ఏ మాట కొడితే ఏమవుతుందో మాత్రమే ఉంది. రెండేళ్ళు దాంతోనే గడిచాయి.

నాన్న పదేపదే చెప్పిన పాఠం ఒకటే. బాగుచేశానని అనుకున్నదాన్ని ఒకసారి పూర్తిగా ఆపాలి. మళ్ళీ కరెంటు ఇస్తే దానంతట అది లేస్తుందో లేదో చూడాలి. చూశాక తేదీ, టైము వేసి రిజిస్టర్లో రాయాలి. అమ్మ నేర్పింది వేరు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు మనకి మేలు చేసినవాళ్ళని పేరుపేరునా తలుచుకోవాలి. ఈ రెండూ నేను ఇంతవరకు మానలేదు.

దీపం దగ్గర తలిచే పేర్లలో ఎప్పుడూ ముందుండేది మా మేనేజరు గారిది. తెలుగాయనే, నాన్న ఎరిగినవారు. డిగ్రీ లేని, సరిగ్గా నడవలేని పిల్లకి ఉద్యోగం ఇచ్చింది ఆయనొక్కరే. బయట కనిపిస్తే బాబాయ్ గారూ అనేదాన్ని, ఆఫీసులో సార్ అనేదాన్ని. చలాన్లు టైపు చేయడానికి చేరాను. చలికీ ఆ నల్ల తెరకీ జడిసి సర్వర్ గదిలో ఎవరూ కూర్చునేవారు కాదు. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను. కొన్నాళ్ళకి ఆ పని నాదైపోయింది, కాగితం మీద మాత్రం కాలేదు. కాగితం మీద నేను టైపిస్టునే, అదీ కాంట్రాక్టు మీద. ఏడాదికోసారి కొత్త కాగితం, కొత్త సంతకం. అలా తొమ్మిదేళ్ళు. నన్ను పర్మినెంట్ చేయిస్తానని మేనేజరు గారు ప్రతి ఏడూ అనేవారు. కాలుకి ఆపరేషన్ అవసరమని డాక్టరు చెప్పి అప్పటికి మూడేళ్ళయింది. పర్మినెంట్ వాళ్ళకయితే ఆసుపత్రి ఖర్చు ఫ్యాక్టరీది. నేను ఎదురుచూసిందల్లా ఆ ఒక్క కాగితం కోసమే.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. సర్వర్లో కొన్ని ప్రోగ్రాములు తెర మీద కనబడకుండా వెనకాల నడుస్తూ ఉంటాయి. వాటిని సర్వీసులంటారు. లారీ తూచే కాంటా దగ్గర బరువు తీసుకుని గేట్‌పాస్ చీటీ ముద్రించేది మా దగ్గర అలాంటి సర్వీసే. అది ఆగిందంటే లారీ గేటు దాటదు. దాన్ని చూసుకోవడానికి ఉన్నవి నాలుగైదు మాటలు. స్టేటస్ అని కొడితే ఎలా ఉందో చెబుతుంది. స్టార్ట్ అంటే మొదలవుతుంది, స్టాప్ అంటే ఆగుతుంది. ఎనేబుల్ అని ఇంకొకటి ఉంది. ఆ మాట కొట్టి ఉంచితే, కరెంటు పోయి వచ్చినా మనిషి అక్కర్లేకుండా సర్వీసు తనంతట తనే లేస్తుంది. కొట్టకపోతే ఎవరో ఒకరు వచ్చి స్టార్ట్ అనేదాకా అలాగే పడి ఉంటుంది. నడుస్తున్నప్పుడు మాత్రం ఈ రెంటికీ తేడా ఎవరికీ తెలియదు.

ఆ తొమ్మిదో ఏడు వానాకాలంలో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టడానికి హెడ్ ఆఫీసు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, యజమానికి దగ్గరి బంధువు. రెండు రోజుల్లో పని ముగించాడు. వెళ్ళేముందు నాకు స్టేటస్, స్టార్ట్, స్టాప్, ఈ మూడు మాటలకే అనుమతి ఇచ్చి మిగతావన్నీ మూసేశాడు. టైపిస్టు చేతికి అన్నీ ఇవ్వకూడదని మేనేజరు గారితో అనడం నేను విన్నాను. అందులో న్యాయం ఉందనే అనుకున్నాను.

అతను ఇంకా గదిలో ఉండగానే స్టేటస్ కొట్టి చూశాను. నడుస్తోందని పచ్చటి అక్షరాల్లో వచ్చింది. దాని పై లైనులో, పచ్చగా లేని మామూలు అక్షరాల్లో, డిసేబుల్డ్ అని ఉంది, అంటే ఎనేబుల్ కొట్టలేదన్నమాట. అతనికి చూపించాను.

"చల్ రహా హై న మేడమ్? తో చల్నే దో," అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండానే. నడుస్తోంది కదా, నడవనివ్వమని.

పోనీ ఒకసారి సర్వర్ ఆపి, మళ్ళీ వేసి చూద్దామన్నాను. గేటు దగ్గర లారీలున్నాయి, ఎవడు ఆపుతాడు అన్నాడు. అతను వెళ్ళిపోయాక రిజిస్టర్లో తేదీ, టైము వేసి రాశాను: కాంటా సర్వీసు ఎనేబుల్ కాలేదు, ఇంజినీరు గారికి చెప్పాను, అవసరం లేదన్నారు. మేనేజరు గారు వారానికోసారి ఆ రిజిస్టరు మీద సంతకం పెట్టేవారు. ఆ పేజీ కింద కూడా పెట్టారు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. ఉర్లాలో ఆ రోజు ఏ యంత్రమూ తిరగదు. క్రేన్లు కడుగుతారు, వెల్డింగు మిషన్లకి దండలు వేస్తారు, పని చేసుకుని బతికేవాడెవడూ ఆ రోజు పనిముట్టు పట్టుకోడు. మొదటి ఏడాది నుంచీ నేను సర్వర్‌ని కూడా ఆ రోజు ఆపి, తుడిచి, పండరీ బట్టల బజారులో కొన్న ఎర్రగుడ్డ కప్పి, బొట్టు పెట్టి, పటికబెల్లం నైవేద్యం పెట్టేదాన్ని. పాత సర్వర్ మర్నాడు మీట నొక్కగానే తనంతట తనే లేచేది. అందరి మిషన్లతో పాటు నా మిషనుకీ ఒక రోజు విశ్రాంతి దొరుకుతోందని సంతోషంగా ఉండేది.

ఆ ఏడు కూడా వెళ్ళి అడిగాను. మేనేజరు గారు నవ్వి, నీ మిషను మాత్రం మిషను కాదేటి, పెట్టుకో అన్నారు. కొత్త సర్వర్ తనంతట తను లేవదని, మర్నాడు ఆరింటికి ఫస్ట్ షిఫ్టుకి నేను వచ్చి చేత్తో స్టార్ట్ చేయాలని చెప్పాను.

"ఆ కాలేసుకుని ఆరుకేటొస్తావమ్మా. వాచ్‌మేను మీట నొక్కుతాడు. నువ్వు తొమ్మిదికే రా," అన్నారు.

మీట నొక్కితే చాలదని మళ్ళీ చెప్పి ఉండవలసింది. నా కాలు సంగతి తలిచారు కదా అని మనసు నిండిపోయి, సరే సార్ అనేశాను. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆయన పేరు రెండుసార్లు తలుచుకున్నాను.

మర్నాడు వాచ్‌మేను సరిగ్గా ఆరింటికి మీట నొక్కాడు. సర్వర్ లేచింది. కాంటా సర్వీసు లేవలేదు. లారీ కాంటా ఎక్కుతుంది, బరువు కనిపిస్తుంది, చీటీ మాత్రం రాదు. ఏడయ్యేసరికి లారీల వరస మెయిన్ రోడ్డు మీదికి పాకింది. నేను ఇంట్లో పూజలో ఉన్నాను. పూజ జరిగే అరగంటా ఫోను వంటింటి గూట్లో ఉంటుంది. తీసి చూసేసరికి పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఆ అరగంట ఆలస్యం మాత్రం నాదే. అది నేను ఎప్పుడూ కాదనలేదు.

ఆటో గేటు దాకా వెళ్ళలేకపోయింది. లారీల పక్కనుంచి కుంటుకుంటూ నడిచాను. చక్రం నీడన కూర్చుని పళ్ళు తోముకుంటున్న డ్రైవరొకడు నన్ను చూసి, "కా దీదీ, భగవాన్ జాగ్ గే కా?" అన్నాడు. ఏమక్కా, దేవుడు నిద్ర లేచాడా అని. చుట్టూ నవ్వారు. అప్పటికే కబురు పాకిపోయిందన్నమాట.

గదిలోకి వెళ్ళి, సర్వర్ మీద ఎర్రగుడ్డ తీసి మడిచి పక్కన పెట్టి, ఒక్క లైను కొట్టాను. స్టార్ట్. పచ్చ అక్షరాలు వచ్చాయి. కాంటా గదిలో ప్రింటరు కదిలిన చప్పుడు అక్కడికే వినిపించింది. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టలేదు. ఆ ఒక్క లైను కోసం రెండున్నర గంటలు అన్ని లారీలు ఎండలో నిలబడ్డాయి.

పదింటికి అందర్నీ మీటింగు గదిలో కూర్చోబెట్టి ఇంజినీరుకి ఫోను కలిపారు. పూజ కోసం సర్వర్ ఆపేవాళ్ళని మొదటిసారి చూస్తున్నానని అతను స్పీకర్లో అన్నాడు. పూజారి మేడమ్ ఉన్నచోట ఇంజినీరుతో పనేముందన్నాడు. కొందరు నవ్వారు, కొందరు బల్ల చూశారు. ఎనేబుల్ అన్న మాట అతని నోట ఒక్కసారి కూడా రాలేదు. నేను మేనేజరు గారి వైపు చూశాను. ఆయన నీళ్ళు తాగుతున్నారు.

మీటింగు అయ్యాక రిజిస్టరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళి ఆ పేజీ తీసి ముందు పెట్టాను. కింద ఆయన సంతకమే ఉంది. చాలాసేపు చూశారు.

"ఇది ఎవరికేనా చూపించేవా?"

"లేదు సార్. మీకే."

"మంచి పని చేసేవు." రిజిస్టరు మూసి, పైన చెయ్యి పెట్టారు. "ఆ కుర్రాడెవరో నీకు తెలుసు. ఈ పేజీ పైకెళ్తే ముందు పోయేది నువ్వు, తర్వాత నేను. తప్పయిందని రెండు ముక్కలు రాసిచ్చీమ్మా. దీపావళిలోగా నీ కాగితం నేను చేయిస్తాను."

"నేను తప్పు చెయ్యలేదు కదా బాబాయ్ గారూ," అన్నాను. ఆఫీసులో ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

"చెయ్యలేదని నాకు తెలుసు. అందుకే నిన్నడుగుతన్నాను."

రాసిచ్చాను. తొమ్మిదేళ్ళు ఆయన పెట్టిన అన్నం తిన్నానని అనుకున్నాను. నా అరగంట ఆలస్యం కూడా గుర్తొచ్చింది. పూజ పేరుతో యంత్రాన్ని ఆపి నష్టం కలిగించినందుకు క్షమించమని ఆయన హిందీలో చెబుతుంటే, నా చేతిరాతతో రాసి సంతకం పెట్టాను. రెండో రోజుకి తలుపు మీద కాగితం వెలిసింది.

దీపావళి వెళ్ళింది. హోలీ అయ్యాక చూద్దామన్నారు. హోలీ అయ్యాక హెడ్ ఆఫీసులో ఎవరో మారారన్నారు. రెండేళ్ళ తర్వాత ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఆయన గురించి నాలుగు మాటలు మాట్లాడమని నన్నే లేపారు. ఆయన వల్లే నాకు ఉద్యోగం వచ్చిందని, ఆ మేలు మరువలేనని చెప్పాను. అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఆ నెలలోనే నా సంగతి అడుగుదామని కొత్తగా వచ్చిన పర్సనెల్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఫైలు తిరగేసి ఒక కాగితం దగ్గర ఆగాడు. నా చేతిరాత నాకు తలకిందులుగా కనిపించింది. తప్పు ఒప్పుకుంటూ మీరే రాసిన ఉత్తరం ఉంది మేడమ్, ఇది ఉండగా పర్మినెంట్‌కి ఎవరూ సిఫారసు చేయలేరు అన్నాడు. రిజిస్టరు సంగతి చెప్పాను. వెతికించాడు. మిగతా ఏళ్ళవన్నీ దొరికాయి. ఆ ఏడాదిది దొరకలేదు.

బాబాయ్ గారికి ఫోను చేశాను. అవతల మనవలు ఆడుకుంటున్న సందడి. అంతా విని, "ఆ ఉత్తరం తీసీమని అప్పుడే చెప్పేనే," అన్నారు. రిజిస్టరు గురించి అడిగితే, అల్లరి చేయొద్దని మనవల్ని కసిరారు. మళ్ళీ ఫోనులోకి వచ్చి, "ఉద్యోగమైతే ఉంది కదా తల్లీ. దేవుడికి దణ్ణం పెట్టుకో," అన్నారు.

"పెట్టుకుంటాను బాబాయ్ గారూ," అని పెట్టేశాను. నిజంగానే పెట్టుకున్నాను. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆయన పేరు దగ్గరికి వచ్చి ఆగాను. వత్తి కొసదాకా కాలేవరకు కూర్చుని, తలవకుండానే లేచాను. అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

తర్వాతి ఏడాది ఆ ఇంజినీరు మరో వ్యాపారం పెట్టుకుని వెళ్ళిపోయాడు. సర్వర్ అనుమతులన్నీ ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా, నాకిచ్చారు. మొట్టమొదట ఎనేబుల్ కొట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ, కాంటా మీద లారీ లేనప్పుడు, సర్వర్ పూర్తిగా ఆపి మళ్ళీ వేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో కాంటా సర్వీసు తనంతట తను లేచింది. ఆ రోజు అతను నాకు ఇవ్వనిది ఈ నాలుగు నిమిషాలే. తేదీ, టైము వేసి కొత్త రిజిస్టర్లో రాసుకున్నాను.

ఇప్పుడు ఆ యంత్రాన్ని ఎప్పుడైనా నిశ్చింతగా ఆపవచ్చు. తలుపు మీది కాగితం మాత్రం ఉంది. తీయమని అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్ళినా ఫైలు తెరుస్తారు. అందుకని అడగలేదు. కాలు ఆపరేషన్ కూడా ఊసెత్తడం మానేశాను, ఇప్పుడు కర్ర పట్టుకుంటున్నాను.

మొన్న విశ్వకర్మ పూజ నాడు పళ్ళెంలో కుంకుమ, పటికబెల్లం పట్టుకుని ఆ గది ముందు నిలబడ్డాను. కొత్త వాచ్‌మేను కాగితం చదివి, ఆ తెలివితక్కువ పని చేసిందెవరు దీదీ అని అడిగాడు. నేనేనని చెప్పాను. అతను నొచ్చుకుని పక్కకి తప్పుకున్నాడు. తలుపు గడియకి బొట్టు పెట్టాను. లోపల సర్వర్ నడుస్తూనే ఉంది. పటికబెల్లం అతని చేతిలో పెట్టి, నా కాంట్రాక్టు కాగితం వచ్చిందని పిలిస్తే సంతకం పెట్టడానికి ఆఫీసులోకి వెళ్ళాను.