పలక మీద పేరు

మార్కాపురంలో నాకు సోల్డరింగ్ నేర్పిన రేడియో మేస్త్రి పోయిన వారం కన్నుమూశారు. "మేడమక్కా, ఆయన పోయినాడు," అని ఆయన భార్య ఫోన్ చేసింది. సంతాప సభలో నేను చేసిన పనికి కొందరు నొచ్చుకున్నారట. నేను మాత్రం చింతించడం లేదు.

ఒకప్పుడు ఇక్కడి కళాశాలలో నేను తాత్కాలిక ఫిజిక్స్ లెక్చరర్‌ని. ప్లస్, మైనస్ వోల్టేజీలు రెండూ సమానంగా ఇచ్చే పవర్ సప్లై కావాలని అడిగితే, మా శాఖాధిపతి నవ్వారు. "నోట్సు చెప్పమ్మా, చాలు. చీర కాల్చుకుంటావు!"

మేస్త్రి నవ్వలేదు. "నేను చేసిస్తే అది నాదైతాది మేడమ్. మీరే చేసుకోండి," అని సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. మీటర్లు బిగించడానికి మన ఊరి పలకరాయే చాలన్నారు. ఒక్కో పలకను తడిపి ఆరేదాకా చూసేవారు. ఆరని చార కనిపిస్తే, అందులో కరెంటు పాకుతుందని పక్కన పడేసేవారు. ఐదోదానికి గానీ తల ఊపలేదు.

పరీక్షకు ప్లస్ వైపు లారీ హెడ్‌లైట్ బల్బు తగిలించాం. ప్లస్ మీటరు ముల్లు కుంగింది. మైనస్ ముల్లు కదల్లేదు.

"అన్న కుంగుతా ఉంటే తమ్ముడు చోద్యం చూస్తా ఉండాడు. ఇదేం జంట?"

తప్పెక్కడో ఆయన చెప్పలేదు. వారం వెతికాను. మైనస్‌ను నడిపే తీగను ప్లస్ అవుట్‌పుట్ నుంచి కాక, అంతకు ముందే తీశాను. మార్చగానే రెండు ముళ్ళూ కలిసి దిగాయి. ఆయన టీ తెప్పించారు.

కళాశాల తనిఖీ నాటికి ఆ పలక మీద తెల్ల పెయింటుతో శాఖాధిపతి పేరుంది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. "పెయింటు గోకితే పోతాది మేడమ్. ముల్లు అబద్ధం చెప్పదు," అన్నారు మేస్త్రి.

కళాశాల ఆ పవర్ సప్లైని తుక్కు కింద తీసేసినప్పుడు నేను తెచ్చుకున్నాను. పేరు గోకలేదు. ఇన్నేళ్ళూ అట్లాగే ఉంచాను. సభకు తీసుకెళ్ళాను. అప్పటి శాఖాధిపతి, ఇప్పుడు పెద్దాయన, తన పేరు చూసుకొని మైకు అందుకున్నారు.

"ఇది నేను డిజైన్ చేసి, మేస్త్రి చేత చేయించినాను."

నేను లేచి, ప్లగ్ పెట్టి, ప్లస్ వైపు బల్బు తగిలించాను. రెండు ముళ్ళూ దిగాయి.

"సార్, మైనస్ ఎందుకు దిగిందో చెప్పండి."

"వయసైంది గదమ్మా... గుర్తులేదు."

"పేరు మాత్రం గుర్తుండాదే సారుకు!" అన్నాడు వెనుక నుంచి పలకల దుకాణం ఆయన.

ఇంటికొచ్చి, మేస్త్రి భార్య ఇచ్చిన ఆయన బ్లేడుతో ఒక్కో అక్షరమే గోకాను. తొందరపడలేదు. పలక తడిపి, కూర్చొని చూశాను. పేరున్న చోటు కూడా మిగతా పలకతో పాటే, ఒక్క చారైనా లేకుండా ఆరింది.