లోపల ఎవరూ లేరు

రాయదుర్గంలో ఆ రేకుల ఇంటికి బడి సెలవుల్లో పగలంతా బయట తాళం ఉంటుంది. లోపల పద్నాలుగేళ్ల నాజ్‌నీన్ ఉంటుంది. తల్లి లేదు. తండ్రి అతావుల్లాకు తాగుడు మితిమీరాక, ఆమెను ఎనిమిదో ఏట తాత అల్లాబకాష్, జేజి అమీర్ బీ తెచ్చుకొని సాకుతున్నారు. ఇద్దరూ జీన్స్ కుట్టే షెడ్డులో దారాలు కత్తిరించడానికి పోతూ, కొడుకు అతావుల్లా తాగడానికి డబ్బుల కోసం వస్తే ఎవరూ లేరనుకొని వెళ్లిపోవాలని తాళం వేస్తారు. చప్పుడు చేయకుండా బతకడం ఆ పిల్లకు అలవాటైపోయింది. చెంబును మడతపెట్టిన గుడ్డ మీద దించుతుంది. తుమ్ము వస్తే మోకాళ్ల మధ్య ముఖం దూర్చుకుంటుంది. రేకులు కాలిపోయే మే నెలలో కూడా ఫ్యాన్ వేసుకోదు, అది కిర్రుమంటుంది. పోయిన వేసవిలో నాయన ఏడుస్తుంటే మనసాగక, జేజి వెండి కడియాలు కిటికీలోంచి తనే అందించింది. జేజి తిట్టలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

నిన్న మధ్యాహ్నం అతావుల్లా వచ్చి తాళం ఊపి చూసి, గడప మీద కూలబడ్డాడు.

"ఇంట్లో ఎవురూ లేరప్పా, పో," అని ఎదురింటి సుబ్బరత్నమ్మ కేకేసింది.

అతను కదల్లేదు. చాలాసేపటికి తలుపు సందు దగ్గర నోరు పెట్టి మెల్లగా అన్నాడు: "నువ్వు లోపలే ఉండావని తెలుసు తల్లీ. ఉడికిపోతాండావు, ఫ్యాన్ వేసుకో. నేను పోతాండా."

చెప్పుల చప్పుడు దూరమైంది. నాజ్‌నీన్ లేచి స్విచ్ మీద వేలు పెట్టింది కానీ నొక్కలేదు. పోయినసారి కూడా ఇట్లాగే పోతాండానని చెప్పి, చెప్పులు చేతబట్టుకొని కిటికీ కిందికి తిరిగొచ్చాడు.