తిరిగి రాగల యంత్రాలు

తార్నాకలో మా అపార్టుమెంటు వాళ్ళందరికీ నేను యంత్రాల మీద పరిశోధన చేసినవాణ్ణని తెలుసు. ఎలా తెలుసంటే, నేనే చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించి, బయటికి పొక్కకూడని సంగతేదో చెబుతున్నట్టు చెప్పాను. దాని ఫలితంగా ఒక ఆదివారం పొద్దున్నే సొసైటీ సెక్రటరీ తలుపు తట్టి, బోరు మోటరు ఆగిపోయింది, ఒక్కసారి చూసిపెట్టమన్నాడు. వెళ్ళి మోటరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది మా శాఖ కాదండీ" అని గంభీరంగా చెప్పి పైకి వచ్చేశాను.

నిజానికి నా యంత్రాలకు ఇనుము లేదు, కరెంటు లేదు. కాగితం మీద కొన్ని సున్నాలు, సున్నా నుంచి సున్నాకు బాణాలు. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఉందనుకోండి. అది ఒకటి మీద ఉండొచ్చు, మూడు మీద ఉండొచ్చు, ఐదు మీద ఉండొచ్చు. ఒక్కో స్థితికి ఒక సున్నా గీయండి. తిప్పితే ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో అటు ఒక బాణం వేయండి. యంత్రం అయిపోయింది. గాలి మాత్రం రాదు. ఇలాంటి గాలి రాని ఫ్యాన్ల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసి, దానికి ఆటోమాటా సిద్ధాంతం అని పేరు పెట్టారు. కంప్యూటరు ఏది చేయగలదు, ఏది చేయలేదు అనే లెక్కంతా ఈ సున్నాల దగ్గరే మొదలవుతుంది.

తార్నాక పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో కుర్రతనాన ఎమ్మెస్సీ లెక్కలు చదివాను. యూనివర్సిటీ మొత్తానికి ఫస్టు వచ్చాను. అంటే, మా హాస్టల్ గది మొత్తానికి. గదిలో ముగ్గురం, అందులో ఒకడు పరీక్షే రాయలేదు. ఆ ముగ్గురం క్లాసులో సుద్దముక్కలు జేబులో వేసుకుని, సాయంత్రం విద్యానగర్ వైపు నడుస్తూ, రోడ్డు మీద కూర్చుని తారు మీదే లెక్కలు వేసేవాళ్ళం. వెనక నుంచి సైకిలు బెల్లు మోగితే లేచి పక్కకు జరిగి, సైకిలు మా లెక్కను తొక్కుకుంటూ పోయాక మళ్ళీ కూర్చునేవాళ్ళం. పీహెచ్‌డీలో చేరదామనుకునేలోపు ఉద్యోగం వచ్చింది. మా నాన్న కోస్తా నుంచి రైలెక్కి వచ్చి మరీ నన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళాడు. కూర్చున్నవాణ్ణి రిటైరయ్యేదాకా లేవలేదు.

రిటైరయ్యాక అదే యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి ప్రవేశ పరీక్ష రాశాను. ఈసారి నిజంగానే ఫస్టు. ఆ ఏడాది ఆ విభాగంలో పార్ట్‌టైంకి దరఖాస్తు పెట్టింది నేనొక్కణ్ణే అన్న సంగతి మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మా గైడు నాకంటే చాలా చిన్నవాడు. ఆయన నన్ను "సర్" అనేవాడు, నేను ఆయన్ని "సర్" అనేవాణ్ణి. ముందు ఎవరు గుమ్మం దాటాలో తేలక ఇద్దరం తలుపు దగ్గర నిలబడిపోయేవాళ్ళం. పరిశోధకుల గదిలో నా పక్క బల్ల ఒక అమ్మాయిది. పత్తి పండించుకునే ఇంటి నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ, గణిత తర్కంలో పని చేసేది. మొదటిరోజు నన్ను చూసి గభాల్న లేచి "గుడ్ మార్నింగ్ సార్" అంది. నేనూ స్కాలర్‌నేనమ్మా అన్నాను.

"గట్లనా!" అని కూర్చుంది. "అయితే మనం బ్యాచ్‌మేట్సే గదా అంకుల్."

ఆ మొదటి సంవత్సరం నేను నడిచింది క్యాంపస్‌లో కాదు, నా ఇరవై రెండో ఏట. లైబ్రరీలో అదే వాసన, పాత అట్టలదీ బొద్దింకల మందుదీ కలిసిన వాసన. ఎండాకాలం రోడ్డంతా అవే పసుపుపచ్చ పూలు. ఆ మైకంలోనే నా పరిశోధన విషయం ఎంచుకున్నాను. నా యంత్రాలకు మూడు నియమాలు పెట్టాను. ఒక్కో బాణం వెంట నడిపేది ఒక బటన్ అనుకోండి. ఒకటి, బటన్లు ఏ వరసలో నొక్కినా చివరికి చేరేది ఒకే చోటు కావాలి. రెండు, నొక్కిన బటనే వెంటనే మళ్ళీ నొక్కితే కొత్తగా ఏమీ జరగకూడదు. మూడోది నాకు ప్రాణం: ఏ సున్నా నుంచి ఏ సున్నాకైనా దారి ఉండాలి. ఎంత దూరం పోయినా తిరిగి రాగలగాలి. వాటికి "తిరిగి రాగల యంత్రాలు" అని పేరు పెట్టుకుని, ఏళ్ళ తరబడి రుజువుల మీద రుజువులు రాశాను. యాభై సిద్ధాంతాలు రాశాను. సరే, ఇరవై. అందులో సగం గైడు గారు "ఇది స్పష్టమే కదా సర్" అని కొట్టేసినవి.

రాసుకుంటూ పోతే గడువు దాటింది. ఒకసారి పొడిగించారు. రెండోసారి కుదరదని ఆఫీసులో తేల్చి చెప్పారు. ఆ నెలాఖరులోగా సెమినార్ ఇచ్చి, కమిటీ సరేనంటేనే థీసిస్ పుచ్చుకుంటారు. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ చేరి మళ్ళీ పూర్తి చేసే వయసు కాదు నాది. పైగా ఇంట్లో మా ఆవిడ అప్పటికే "డాక్టరు గారూ, పాలు పొంగిపోతున్నాయి" అనడం మొదలుపెట్టింది.

సెమినార్‌కి మూడు వారాల ముందు గైడు గారు నా స్లైడ్లు చూసి, "సర్, మొదట్లో ఒక చిన్న ఉదాహరణ పెట్టండి. రెండు మూడు సున్నాల యంత్రం చాలు, వినేవాళ్ళకు తేలిగ్గా ఉంటుంది" అన్నాడు.

దానికేం భాగ్యం అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్ళలో నేను ఒక్క యంత్రం కూడా గీయలేదని. నియమాలు రాశాను, నియమాల నుంచి సిద్ధాంతాలు లాగాను, సిద్ధాంతాల నుంచి ఇంకా సిద్ధాంతాలు లాగాను. పెళ్ళికి మండపం, మేళం, భోజనాలు అన్నీ సిద్ధం. పెళ్ళికూతుర్ని ఎవరూ చూడలేదు.

రెండు సున్నాలు గీశాను. రెండో నియమం ఒప్పుకుంటే మూడోది ఒప్పుకోలేదు. మూడు సున్నాలు, ఐదు సున్నాలు. ఒక వైపు దుప్పటి లాగితే రెండో వైపు కాళ్ళు బయటపడుతున్నాయి. వారం తిరిగేసరికి నా మొహం చూసి ఆ అమ్మాయి క్యాంటీన్‌కి లాక్కుపోయింది.

"ఏమైంది అంకుల్? మొఖం గట్ల పెట్టిన్రు?"

"ఏం లేదమ్మా. ఉదాహరణ ఒకటి తట్టడం లేదు. పెద్దదైతే బోలెడున్నాయి, చిన్నది కావాలి." ఇది పచ్చి అబద్ధం.

మూడు నియమాలూ చెప్పించుకుంది. చాయ్ చల్లారేదాకా తల వంచుకుని కూర్చుని, ఒక్కసారి తలెత్తింది.

"అంకుల్, ఇప్పుడు మనం లైబ్రరీల ఉన్నమనుకోండ్రి. ఒక ఎర్ర బటన్ నొక్కితే క్యాంటీన్‌ల పడ్డం. మల్ల లైబ్రరీకి పోవాల్నంటే ఏవో కొన్ని బటన్లు నొక్కాలె. నొక్కినం, పోయినం. సరేనా?"

"సరే."

"ఇప్పుడు లైబ్రరీల నిలవడి మల్ల ఎర్రది నొక్కండ్రి. ఏడ పడ్తరు?"

"క్యాంటీన్‌లో. మొదటిసారి పడ్డట్టే."

"కదా. కానీ మీరే అన్నరు, వరస ఎట్లున్నా ఒకటేనని. అయితే ఆ రెండు ఎర్ర నొక్కుళ్ళు ముందుగాల్నే పక్కపక్కన నొక్కినమనుకుందం. రెండోదానితోని ఫరక్ పడదు, అది గూడ మీ మాటే. ఇగ మిగిలింది ఒక్క ఎర్రది, తిరిగొచ్చే బటన్లు. అవి నొక్కితే ఏడుంటం?"

"లైబ్రరీలో" అన్నాను. ఇందాక క్యాంటీన్ అన్నదీ నేనే.

"ఒక్క మనిషి ఒక్కసారే గీడా గాడా ఎట్ల ఉంటడు అంకుల్? లైబ్రరీ, క్యాంటీన్ ఒక్కటే అయితెనే ఉంటడు. మీ యంత్రంల అన్ని సున్నాలు కలిసి ఒక్కటే సున్నా అయితయి. ఇంకోటి ఉండనే ఉండదు."

నేను చిరునవ్వు నవ్వి, "నాకూ ఆ అనుమానం ఉండేదమ్మా" అన్నానని తరవాత చాలామందికి చెప్పాను. అనలేదు. "నీకు తెలియదులే, ఊరుకో" అని అరిచి, చాయ్ వదిలేసి లేచి వచ్చేశాను. క్యాంటీన్‌లో అందరూ చూశారు.

రెండు రోజులు ఆ నాలుగు మాటల రుజువులో చిల్లు వెతికాను. లేదు. ఇన్నేళ్ళూ నా రుజువులన్నీ ఎందుకంత సాఫీగా నడిచాయో అప్పుడర్థమైంది. లేని ఆవు పాలు చిక్కగా ఉంటాయంటే కాదనేవాడెవడు? ఒకే ఒక్క సున్నా ఉన్న యంత్రం మిగిలింది. అందులో ఏ బటన్ నొక్కినా ఉన్నచోటే ఉంటుంది. ఎక్కడికీ పోదు కనక ఎప్పుడూ తిరిగొచ్చినట్టే లెక్క.

గైడు గారికి చెబితే ఆయన మొహం నాకంటే ఎక్కువ పాలిపోయింది. ఆయనా చూసుకోలేదు కదా. నా నియమాల కాగితం ముందుకు లాక్కుని, "మూడు నియమాల్లో ఒకటి వదిలేయాలి సర్" అన్నాడు. "ఏది వదులుకుంటారు?"

రెండో నియమం వదిలితే మిగిలేవి ఎవరో ఎప్పుడో దున్నేసిన పొలాలు. వరస నియమం వదిలితే యంత్రాలు బోలెడు. ఆన్ బటన్, ఆఫ్ బటన్ ఉన్న లైటు కూడా అలాంటిదే. కానీ నా రుజువులన్నీ వరస మీద నిలబడ్డవి, ఒక్కటీ దక్కదు. ఇక మూడోది. దాన్ని వదలనన్నాను. తిరిగి రావడం లేకపోతే ఇంక ఈ పనెందుకన్నాను. గైడు గారు పెద్దవాణ్ణని మొహమాటపడి, ఆలోచించుకోమన్నాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. "ఏ, పోనియ్యుండ్రి" అని, విషయం విని, కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మీరు ఇన్నేండ్లకు మల్ల గీడికి తిరిగొచ్చిన అంటరు గదా. గప్పుడు ఉన్న కాడికేనా వచ్చింది?"

"అదే లైబ్రరీ కదమ్మా. అదే రోడ్డు."

"రోడ్డు కాదంకుల్. మీరు చెప్తుంటరు గదా, మీతోని సుద్దముక్కలు పట్టుకొని కూసున్నోళ్ళు ఉన్నరా?"

లేరు. ఒకడు పోయి చాలా ఏళ్ళయింది. రెండోవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. నేను అడగనూ లేదు. ఆ అమ్మాయి తన పనిలో పడిపోయింది. నేను మాత్రం ఆ సాయంత్రం బస్సెక్కకుండా తార్నాక దాకా నడిచాను. మెట్రో స్తంభాల కింద హారన్ల మధ్య నడుస్తూ, వాళ్ళిద్దరిలో చప్పట్లు కొట్టినట్టు నవ్వేవాడు ఎవడో గుర్తు చేసుకోబోయాను. చనిపోయినవాడా, బతికున్నవాడా అన్నది తేలలేదు.

మర్నాడు గైడు గారి దగ్గరికి వెళ్ళి మూడో నియమం వదిలేస్తున్నానన్నాను. ఎంతో వైరాగ్యంతో తీసుకున్న నిర్ణయమని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ రాత్రి కూర్చుని చూసుకుంటే, దాన్ని వదిలితే రెండు అధ్యాయాలు బతుకుతున్నాయి. మిగతావి వదిలితే ఒక్కటీ బతకదు. గడువు పది రోజులుంది.

సెమినార్ రోజు హాలు కిక్కిరిసిపోయింది. హాలు చిన్నది. వచ్చినవాళ్ళలో ఇద్దరు ఏసీ కోసం వచ్చారు. కమిటీకి పెద్ద ఒక ప్రొఫెసరమ్మ. నా వయసే ఉంటుంది, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూస్తుంది. నేను బోర్డు మీద ఒకే ఒక సున్నా గీసి, దాని మీదికే తిరిగొచ్చే బాణం ఒకటి గీశాను.

"ఇన్నేళ్ళూ నేను వెతికిన యంత్రాలు మొత్తం ఇవేనండి" అన్నాను. "ఇంకోటి లేదన్న రుజువు నాది కాదు." ఆ అమ్మాయి పేరు చెప్పాను. బోర్డు మీద కూడా రాశాను. గైడు గారు కళ్ళు మూసుకున్నాడు.

తరవాత దాన్ని చెరిపేసి, మూడో నియమం లేని యంత్రం గీశాను. బాణాలన్నీ ఒక్క వైపుకే. సున్నా నుంచి సున్నాకు కిందికి దిగుతూ పోయాయి.

"ఇవి ఎక్కడిదాకా పోతాయి?" అంది ప్రొఫెసరమ్మ.

"అన్ని బటన్లూ తలా ఒకసారి నొక్కేదాకానండి. అప్పుడు అట్టడుగు సున్నాకు చేరుతుంది. ఆ తరవాత ఏది నొక్కినా కదలదు."

"వెనక్కి?"

"రాదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "రుజువు చేయండి" అంది.

చేశాను. వెనక వరసకు కూడా కనబడేలా అక్షరాలు కొంచెం పెద్దగా రాశాను. బోర్డు నిండిపోయింది. వెనక్కి తిరిగేసరికి ఆవిడ ముందున్న కాగితం మీద సంతకం పెడుతోంది. "సమర్పించండి" అని, కాగితం గైడు గారికి అందిస్తూ, "ఆ మొదటి సున్నాను ఒక అధ్యాయంగా ఉంచండి, తీసేయకండి" అంది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో, రుజువు ముగిసీ ముగియగానే హాలంతా లేచి నిలబడిందని చెప్పాను. అది మాత్రం అబద్ధం కాదు. భోజనాల వేళైంది.