థన్‌రంగా సార్ పిడికిలి

దార్ఛింగి పొద్దున్నే ఎసరు పెట్టి, బియ్యం గిన్నెలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసేది. వేస్తూ పెదవులు కదిపేది. ఆ తరువాతే బియ్యం కడిగేది. ఇంట్లో గింజలు అడుగంటిన రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేదేమో గాని, డబ్బా మూత తియ్యకుండా మాత్రం ఉండేది కాదు.

మా మిజో కొండల్లో ఇంటింటా ఈ డబ్బా ఉంటుంది. శనివారం నాడు చర్చి సంఘం ఆడవాళ్లు వీపున బుట్ట వేసుకుని, సంఘం ఖర్చుల కోసం ఆ బియ్యం పోగుచేస్తారు. మా వీధిలో ఆ పని దార్ఛింగిది.

పెనిమిటి పోయాక ఆమె అల్లం పండించి కూతురు కిమ్‌తెయిని చదివించుకుంటోంది. మా ఊరి బడిలో ఏడో తరగతి పరీక్షల్లో ముందు వచ్చిన ఒక్కరిని సంఘం పట్నం హాస్టలుకు పంపి చదివిస్తుంది. కిమ్‌తెయికి ఆ చోటు కావాలి. తల్లికి అంతకన్నా ఎక్కువగా కావాలి.

చిక్కంతా సెక్షన్లతో వచ్చింది. 'ఏ' సెక్షన్ పేపర్లు బియాక్మోయి మిస్ దిద్దుతుంది, 'బీ' సెక్షన్‌వి థన్‌రంగా సార్ దిద్దుతారు. 'బీ'లో ఉన్న కిమ్‌తెయీ, 'ఏ'లో ఉన్న పక్కింటి నుఛుంగి కొడుకు రెమాయా ఒకే దీపం దగ్గర చదువుకుని, అర్ధ సంవత్సరం పరీక్షలో ఒకే జవాబు రాశారు. మిస్ వాడికి ఐదుకు ఐదూ వేసింది. సార్ ఈ పిల్లకు మూడు వేశారు.

నీటి ఊట దగ్గర తల్లులకు ఇదే మాట.

"ఆవిడేమో కాగితం నిండితే చాలు మార్కులు కురిపిస్తుంది. ఈయనేమో గీరి గీరి వేస్తాడు. బీలో పడ్డానికి మా పిల్లలేం పాపం చేశారు?"

నుఛుంగి నవ్వేసింది. "మా వాడి ఐదు చూసి నాకే సిగ్గేసింది. అక్కా, నువ్వే వెళ్లి సార్‌ని అడుగు. నీ బుట్ట ఎక్కని గుమ్మం ఉందా?"

"బుట్ట దేవుడిది. దాన్ని అడ్డం పెట్టుకుని నా పిల్లకు మార్కులడుక్కోనా?"

"అయితే ప్రార్థన చేసుకుంటూ కూర్చో. పేపర్లు దేవదూతలు వచ్చి దిద్దుతారు!"

పెద్ద పరీక్షలు ముగిసిన మరునాడే శనివారం. దార్ఛింగీ నుఛుంగీ బుట్టతో బయలుదేరారు. బియాక్మోయి మిస్ డబ్బాలో బియ్యం అడుగునే ఉంది. ఆమె చెయ్యి పసిపిల్ల చెయ్యంత. బియ్యం పోస్తూ, పెద్దావిడను మా వైపు మర్యాదగా పిలిచే పిలుపుతో తనే అంది, "కా పి, నా మీద అందరికీ కోపంగా ఉందట కదా. ఏం చెయ్యను, పేపరు ముందుకొస్తే పిల్లల మొహాలే కనబడతాయి. తగ్గించి వెయ్యాలంటే చెయ్యి రాదు."

"నీ మనసు మంచిది తల్లీ," అని దార్ఛింగి ఆమె భుజం నిమిరింది.

థన్‌రంగా సార్ ఇంట్లో డబ్బా ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. ఆయన భార్యకు నడుము నొప్పి. వంట ఆయనదే, పిడికిలి కూడా ఆయనదే. అరచేతులు చేటలంత. గింజ కింద పడకుండా నెమ్మదిగా పోసి, ఇద్దరికీ టీ కాచి తెచ్చారు.

నుఛుంగి ఊరుకోలేదు. "సార్, మార్కులేసేటప్పుడు ఈ చెయ్యి ఎక్కడ దాచుకుంటారు?"

సార్ పకపకా నవ్వారు. తరువాత నెమ్మదిగా అన్నారు, "రానిదానికి మార్కు వేసి పంపితే, రేపు పట్నంలో ఆ పిల్లకు దిక్కెవరమ్మా?"

ఆ మాటలోనూ ప్రేమే ఉందని దార్ఛింగికి అర్థమైంది. గూట్లో ఏడో తరగతి పేపర్ల కట్ట దారం విప్పకుండా ఉంది. ఆమె బుట్టలోకి చూసింది. మిస్ పిడికిలి బియ్యమేదో, సార్ పిడికిలి బియ్యమేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"సార్, నా పిల్లకు ఒక్క మార్కు ఎక్కువ వెయ్యమని అడగను. ఈ కట్ట ఇంకా విప్పలేదు కదా. మిస్ కట్ట నేనే వెళ్లి తెస్తాను, ఆమెనూ పిలుచుకొస్తాను. రెండూ కలిపేసి సగం ప్రశ్నలు పిల్లలందరివీ మీరు దిద్దండి, మిగతా సగం అందరివీ ఆమెను దిద్దనివ్వండి. పెద్ద చెయ్యీ చిన్న చెయ్యీ అందరి మీదా ఒక్కలాగే పడతాయి. ఈ ఒక్క సాయం చెయ్యండి సార్."